డిస్‌ప్లే ఎప్పుడు పోయింది? గ్రాఫిక్స్ కార్డు సమస్యల్లో మొదట అడగాల్సిన ప్రశ్న

"ఫ్యాన్లు తిరుగుతున్నయి, లైట్లు వెలుగుతున్నయి, డిస్‌ప్లే వస్తలేదు." నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా కంప్యూటర్ రిపేరు షాపు కౌంటరు దగ్గర తరచూ వినిపించే మాట ఇది. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే యూనిట్లు, ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులు, ఆల్బమ్‌లు డిజైన్ చేసే స్టూడియోలు, ఇంట్లో గేములాడుకునే పిల్లలు, ఎవరు వచ్చినా ఫిర్యాదు అదే. తీర్పు కూడా అక్కడికక్కడే అయిపోతుంది: కార్డు పోయింది. మర్నాడు కార్డును కవరులో చుట్టుకుని సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి బస్సెక్కుతారు. అక్కడ వేరే సిస్టమ్‌లో పెడితే బొమ్మ చక్కగా వస్తుంది. తిరిగి తెచ్చి ఇంట్లో పెడితే మళ్లీ నలుపే.

ఇలా ఎందుకవుతుందంటే, తెర మీద బొమ్మ రావడం కార్డు ఒక్కదాని పని కాదు. ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లో అన్ని భాగాలకూ కరెంటు పంచే డబ్బా) సరిపడా కరెంటివ్వాలి, ర్యామ్ పలకాలి, బయోస్ (స్విచ్ వేయగానే మదర్‌బోర్డులో మొదట నడిచే ప్రోగ్రామ్) కార్డును గుర్తించాలి, కేబుల్, మానిటర్ బాగుండాలి, విండోస్ వచ్చాక డ్రైవర్ (విండోస్‌కూ కార్డుకూ మాట కలిపే ప్రోగ్రామ్) సరిగ్గా ఎక్కాలి. వీటిలో ఏది తప్పినా కనిపించేది ఒకటే నల్ల తెర. అందుకే "ఏం పోయింది" అని కాకుండా "ఎప్పుడు పోయింది" అని అడగాలి. స్విచ్ వేసిన క్షణం నుంచీ లేదా? విండోస్ గుర్తు కనిపించాక పోయిందా? గేమ్ ఆడుతుంటేనో, వీడియో రెండర్ పెట్టినప్పుడో పోయిందా? జవాబును బట్టి అనుమానితులు మారిపోతారు.

స్విచ్ వేసినప్పటి నుంచీ లేకపోతే

మొదట మానిటర్ ఏమంటోందో చదవాలి. "నో సిగ్నల్" అంటే మానిటర్ బతికే ఉంది, దానికి బొమ్మ అందడం లేదు. "అవుట్ ఆఫ్ రేంజ్" అని వస్తే కార్డు పనిచేస్తున్నట్టే; మానిటర్ తట్టుకోలేని రిజల్యూషనో రిఫ్రెష్ రేటో పంపుతోంది. మానిటర్ లైటే వెలగకపోతే క్యాబినెట్ జోలికి పోవాల్సిన పని లేదు.

తర్వాత కేబుల్ ఎక్కడ గుచ్చారో చూడాలి. క్యాబినెట్ వెనక యూఎస్‌బీ పోర్టుల పక్కన ఉండే హెచ్‌డీఎంఐ మదర్‌బోర్డుది. దానికి కింద అడ్డంగా, విడిగా ఉండేవి కార్డు పోర్టులు. ఊడ్చేటప్పుడో తుడిచేటప్పుడో కేబుల్ తీసి మళ్లీ పెట్టేవాళ్లు పై పోర్టులో గుచ్చేస్తారు. ఐ5-12400ఎఫ్ వంటి, పేరు చివర ఎఫ్ ఉండే ఇంటెల్ ప్రాసెసర్లలోనూ, రైజెన్ 5 5600 లాంటి వాటిలోనూ లోపల గ్రాఫిక్స్ ఉండదు. కాబట్టి ఆ పోర్టులో ఎంతసేపు పెట్టినా ఏమీ రాదు. లోపల గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసరైతే ఇదే పోర్టు మంచి పరీక్ష: కార్డు పూర్తిగా తీసేసి మదర్‌బోర్డు పోర్టుకు కేబుల్ పెట్టి చూడాలి. అప్పుడు డిస్‌ప్లే వస్తే మదర్‌బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ మీద అనుమానం చాలావరకు పోయినట్టే.

పాత వీజీఏ మానిటర్లు మన దగ్గర ఇంకా చాలానే నడుస్తున్నాయి. ఎన్వీడియా జీటీఎక్స్ 10 వరుస నుంచి చిప్‌లో వీజీఏకు కావాల్సిన అనలాగ్ సిగ్నలే తీసేసింది. వాటి డీవీఐ పోర్టులో అడ్డపట్టీ చుట్టూ ఉండాల్సిన నాలుగు చిన్న రంధ్రాలు ఉండవు. దానికి మామూలు డీవీఐ-వీజీఏ ముక్క తగిలించి లాభం లేదు. లోపల చిప్ ఉండే హెచ్‌డీఎంఐ-వీజీఏ కన్వర్టర్ కావాలి. అవి కూడా హెచ్‌డీఎంఐ పోర్టు నుంచి వచ్చే 5 వోల్టులతోనే బతకాలి, ఆ పోర్టు కచ్చితంగా ఇస్తానని హామీ ఇచ్చేది 55 మిల్లీఆంపియర్లే. అందుకే కొన్ని కన్వర్టర్లు ఒక కార్డు మీద పనిచేసి ఇంకో దాని మీద మొరాయిస్తాయి. పక్కన యూఎస్‌బీ పవర్ సాకెట్ ఉన్నది కొంటే ఈ గోల ఉండదు. డిస్‌ప్లేపోర్టు కేబుళ్లలో మరో తిరకాసుంది. చవక కేబుళ్లలో 20వ పిన్ను రెండు వైపులా కలిపేస్తారు. దాంతో మానిటర్ నుంచి 3.3 వోల్టులు వెనక్కి కార్డులోకి వెళ్తాయి. సిస్టమ్ ఒకసారి ఆన్ అయి ఒకసారి కాకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఇవన్నీ బాగుంటే క్యాబినెట్ తెరవాలి. ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన చార్జ్ దిగిపోతుంది. మొదట ర్యామ్ తీయాలి. కార్డు సమస్యని వచ్చే వాటిలో ర్యామ్ కాంటాక్టుల సమస్యలు తక్కువేమీ కాదు. ఒక్క స్టిక్కే, ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లో పెట్టి చూడాలి, ఆపైన రెండో స్టిక్. బంగారు రంగు కాంటాక్టులను తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, రబ్బరు పొడి మిగలకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. కార్డుకూ అదే వైద్యం. కార్డు తీసేటప్పుడు స్లాట్ చివరి క్లిప్‌ను నొక్కకుండా లాగితే క్లిప్ విరుగుతుంది, ఒక్కోసారి స్లాటే లేచొస్తుంది. తిరిగి పెట్టేటప్పుడు క్లిప్ టక్కుమని పడాలి. స్క్రూ బిగించేటప్పుడు కార్డు వెనక భాగం స్లాట్ నుంచి లేచిపోకుండా చూడాలి, చవక క్యాబినెట్లలో రేకు వంకర వల్ల సరిగ్గా ఇదే జరుగుతుంది.

చాలా మదర్‌బోర్డుల మీద నాలుగు చిన్న లైట్లుంటాయి: సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్. వీజీఏ దగ్గర లైటు ఆగిపోతే అనుమానం కార్డు మీద, దాని పవర్ మీద. డీర్యామ్ దగ్గర ఆగితే కార్డుకు సంబంధం లేదు. డీడీఆర్5 బోర్డుల్లో ర్యామ్ మార్చాక మొదటిసారి డీర్యామ్ లైటు కొన్ని నిమిషాలు వెలుగుతూ ఉండొచ్చు, అది ర్యామ్‌ను సర్దుకుంటోందని అర్థం. కంగారుపడి స్విచ్ ఆపేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఆ తర్వాత బయోస్ రీసెట్. సీఆర్2032 బ్యాటరీ తీసి, ప్లగ్గు పీకి ఉన్నప్పుడే కొన్ని నిమిషాలు వదిలేసి తిరిగి పెట్టాలి. కొత్తది 3 వోల్టులు చూపిస్తుంది. 2.7 కంటే తగ్గితే మార్చేయడమే. ఒక హెచ్చరిక: విండోస్ 11లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే బయోస్ రీసెట్ తర్వాత 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది సాధారణంగా యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా ఏదో తెలియకుండా బ్యాటరీ పీకితే డిస్‌ప్లే వచ్చాక ఫైళ్ల కోసం ఏడవాల్సి వస్తుంది.

కొత్త బోర్డులో పాత కార్డు పెట్టేవాళ్లకు ఎదురయ్యే చిక్కు వేరు. 2012కు ముందటి చాలా కార్డుల్లో యూఈఎఫ్ఐకి, అంటే కొత్త తరహా బయోస్‌కు, తగిన భాగం ఉండదు. కొత్త బోర్డుల్లో పాత పద్ధతిని నడిపించే సీఎస్ఎం అనే సెట్టింగ్ ఆఫ్‌లో ఉంటుంది. కార్డు బాగానే ఉంటుంది, బోర్డూ బాగానే ఉంటుంది, రెండింటికీ మాట కలవదు. కార్డును స్లాట్‌కు దూరంగా పెట్టడానికి వాడే పాత రైజర్ కేబుల్ మీద పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 కార్డు పెట్టినా ఇంతే. బయోస్‌లో ఆ స్లాట్‌ను జెన్ 3కి దించితే సరిపోతుంది.

ఎస్‌ఎంపీఎస్ మీద రాసింది, లోపల ఉన్నది

మన జిల్లాల్లో కార్డు మీద పడే నిందల్లో పెద్ద వాటా అసలు ఎస్‌ఎంపీఎస్‌దే. లెక్క చూస్తే తెలుస్తుంది. కార్డు పెట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ గరిష్ఠంగా 75 వాట్లిస్తుంది. 6 పిన్నుల కనెక్టర్ మరో 75, 8 పిన్నులది 150. జీటీఎక్స్ 1050 టీఐ 75 వాట్లతోనే బతుకుతుంది కాబట్టి దానికి సాధారణంగా విడి వైరు అక్కర్లేదు. ఆర్‌ఎక్స్ 580కి 185 వాట్లు, ఆర్‌టీఎక్స్ 3060కి 170 కావాలి.

ఇప్పుడు "450 వాట్లు" అని పెద్దక్షరాలతో రాసి ఉన్న చవక డబ్బా పక్కనుండే స్టిక్కరు చదవాలి. 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లని ఉందనుకుందాం. 12 ఇంటూ 16, మొత్తం 192 వాట్లు. కార్డు, ప్రాసెసర్ రెండూ తినేది ఈ 12 వోల్టులనే. ఐ5-12400ఎఫ్ ఒత్తిడిలో 117 వాట్ల దాకా లాగుతుంది, కార్డు 170 లాగితే 287. బ్రౌజర్, వర్డ్ నడిచినంతసేపూ ఏమీ తెలియదు. ప్రీమియర్‌లో రెండర్ పెట్టగానే సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. పైగా ఇవాళ్టి కార్డులు కొన్ని మిల్లీసెకన్ల పాటు రాసిన వాట్లకంటే చాలా ఎక్కువ లాగుతాయి. అందుకే 3060కి 550 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్ ఉండాలని ఎన్వీడియా చెబుతుంది. డబ్బాలో డబ్బు మిగిలించి కార్డు మీద ఖర్చు పెట్టడం తిరగబడ్డ లెక్క.

కొలవడం కష్టం కాదు. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల ముల్లు నల్ల వైరుకు, ఎర్ర ముల్లు పసుపు వైరుకు, కనెక్టర్ వెనక నుంచి గుచ్చాలి. ముళ్లు ఒకదానికొకటి తగలకూడదు. ఊరికే ఉన్నప్పుడు 12.1 చూపించడం పెద్ద విశేషం కాదు. కార్డుకు పూర్తి పని పెట్టే ఫర్‌మార్క్ లాంటి పరీక్ష నడుపుతూ చూడాలి. ఏటీఎక్స్ నియమం ప్రకారం 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. లోడు పడగానే 11.4 కిందికి జారితే దోషి దొరికినట్టే. ఇంకో మాట, 11.8 చూపిస్తూనే రీస్టార్ట్ అయ్యేవీ ఉంటాయి. మీటరు అంత వేగంగా చూడలేదు కాబట్టి మీటరు మంచి మార్కులు వేసినంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ పాసైనట్టు కాదు. అలాంటప్పుడు మంచిదొకటి అరువు తెచ్చి పెట్టి చూడటమే దారి.

వైరు తక్కువైందని సాటా నుంచి 6 పిన్నులకు మార్చే ముక్కలు పెడుతుంటారు. సాటా కనెక్టర్‌లో 12 వోల్టులకు మూడు పిన్నులు, ఒక్కోటి 1.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. దానితో 75 వాట్లు లాగితే ప్లాస్టిక్ కరుగుతుంది. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల వైరు, కార్డుకు వెళ్లేది చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉన్నా ప్లస్, మైనస్ తిరగబడి ఉంటాయి. కార్డుది 6, 2గా విడిపోతుంది, ప్రాసెసర్‌ది 4, 4గా. పట్టనప్పుడు బలవంతం చేయకూడదు.

యూపీఎస్‌నూ ఈ లెక్కలోనే చూడాలి. 600 వీఏ అని ఉన్న వాటి అసలు సామర్థ్యం 360 వాట్లు, ఒక్కోసారి ఇంకా తక్కువ. రెండర్ నడుస్తుండగా కరెంటు పోతే ఆ యూపీఎస్ కూడా దానితోపాటే పోతుంది.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటే

దీన్ని చాలామంది పట్టించుకోరు, అలవాటైపోయింది. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ ఎర్త్‌కు చిన్న కెపాసిటర్లుంటాయి. సాకెట్‌లో ఎర్త్ లేకపోతే క్యాబినెట్ రేకు మీద సుమారు సగం వోల్టేజీ, 115 వోల్టుల దాకా, నిలబడి ఉంటుంది. కరెంటు అతి తక్కువ కాబట్టి మనిషికి జివ్వుమని ఊరుకుంటుంది. కానీ ఆ క్యాబినెట్ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్‌ను, కేబుల్ కనెక్షన్ ఉన్న టీవీకి ఆన్‌లో ఉండగానే గుచ్చితే ఆ తేడా అంతా పోర్టు గుండా దిగుతుంది. కార్డులో ఆ ఒక్క హెచ్‌డీఎంఐ చచ్చి డిస్‌ప్లేపోర్టు మాత్రం పనిచేసే కేసులు ఇలా పుట్టేవే. కాబట్టి ఒక పోర్టులో రాకపోతే మిగతా అన్నింటిలో పెట్టి చూడందే కార్డును పారేయకూడదు.

సాకెట్ పరీక్ష జాగ్రత్తగా, తెలిసినవాళ్లతో చేయించాలి. ఏసీ మీద ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య దాదాపు 230 రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఫేజు-ఎర్త్ మధ్య రీడింగ్ నిలకడ లేకుండా ఊగుతుంటే ఎర్త్ పేరుకే ఉంది. మన చల్క నేలల్లో ఎండాకాలం ఎర్తింగ్ గుంత ఎండిపోయి పట్టు వదిలేస్తుంది. ఉప్పు, బొగ్గు వేసిన గుంతలో వారానికి రెండు బకెట్ల నీళ్లు పోస్తే మే నెల గట్టెక్కుతుంది. ఎర్త్ లేదని న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు ముడేసే ఎలక్ట్రీషియన్లూ ఉన్నారు. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగితే క్యాబినెట్ మొత్తానికి ఫేజు వస్తుంది. అది కార్డు సమస్య కాదు, ప్రాణాల సమస్య.

విండోస్ గుర్తు దాకా వచ్చి పోతే

బయోస్ బొమ్మ, విండోస్ గుర్తు కనిపించాయంటే కార్డు, కేబుల్, మానిటర్ కనీస స్థాయిలో పనిచేస్తున్నాయి. డ్రైవర్ ఎక్కే క్షణంలో తెర పోతోంది. మొదట విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగు మీటలూ ఒకేసారి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ తిరిగి మొదలవుతుంది. టీవీకో ప్రొజెక్టర్‌కో కలిపి వాడిన సిస్టమైతే బొమ్మ "సెకండ్ స్క్రీన్ ఓన్లీ"లో ఇరుక్కుని ఉండొచ్చు, విండోస్, పి నొక్కి మార్చుకోవాలి.

అప్పటికీ రాకపోతే సేఫ్ మోడ్, అంటే విండోస్‌ను కనీస డ్రైవర్లతో లేపడం. విండోస్ లోడవుతుండగా పవర్ బటన్ పట్టుకుని రెండు మూడుసార్లు ఆపితే రిపేరు తెర తనంతట తనే వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆపైన 4. ఇంటర్నెట్ వైరు ముందే పీకేయాలి, లేకపోతే విండోస్ తనకు తోచిన డ్రైవర్‌ను మనకంటే ముందే ఎక్కించేస్తుంది. డీడీయూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పాత డ్రైవర్‌ను వేర్లతో సహా తీసి, కార్డు తయారీదారు సైటు నుంచి ముందే దించుకున్న డ్రైవర్ వేయాలి. అన్నిసార్లూ సరికొత్తదే మంచిది కాదు. జీటీ 710 వంటి కెప్లర్ తరం కార్డులకు కొత్త గేమ్ డ్రైవర్లు 2021లో 470 వరుసతో ఆగిపోయాయి.

డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 43 ఉంటే, కార్డే తనలో లోపముందని చెప్పడంతో విండోస్ దాన్ని ఆపేసిందని అర్థం. డ్రైవర్ శుభ్రంగా మార్చాక కూడా 43 పోకపోతే తప్పు హార్డ్‌వేర్‌ది, లేదా కార్డు మీద ఎవరో మార్చేసిన దాని సొంత బయోస్‌ది.

పనిలో ఉండగా పోతే, గీతలు, చుక్కలు వస్తే

తెర పోయాక పాట వినిపిస్తోందా? వినిపిస్తే సిస్టమ్ బతికే ఉంది, డ్రైవరో కేబులో కార్డో కింద పడింది. కార్డు రెండు సెకన్లు జవాబివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ను తిరిగి మొదలుపెడుతుంది, విండోస్ చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నమోదవుతుంది. సిస్టమ్ మొత్తం రీస్టార్ట్ అయి కెర్నల్-పవర్ 41 కనిపిస్తే పైన చెప్పిన ఎస్‌ఎంపీఎస్ దగ్గరికే వెళ్లాలి. తెర నల్లబడి కార్డు ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తితే కార్డు పవర్ వైరును, వేడిని చూడాలి.

వేడి విషయంలో మన ఊళ్ల లెక్క వేరు. 25 డిగ్రీల గదిలో 70 డిగ్రీలు చూపే కార్డు, ఫ్యాన్ అదే వేగంతో తిరిగితే, 40 డిగ్రీల గదిలో 85కి చేరుతుంది. చాలా ఎన్వీడియా కార్డులు 83 దగ్గర్లో వేగం తగ్గించుకోవడం మొదలుపెడతాయి. మే నెలలో రేకుల షెడ్డులోని మిక్సింగ్ యూనిట్ నెమ్మదించడానికి ఇంతకు మించిన రహస్యమేమీ లేదు. హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నింటికంటే ఎక్కువ కాగే చోటు) వేడి మామూలు వేడికంటే 30 డిగ్రీలు పైనుంటే థర్మల్ పేస్టు ఎండిందని అనుకోవచ్చు. పేస్టు మార్చేటప్పుడు మెమరీ మీది ప్యాడ్ల మందం కొలవాలి. 1 మిల్లీమీటరు ఉన్నచోట 2 పెడితే హీట్‌సింక్ చిప్‌కు ఆనదు, ముందున్నదానికంటే అన్యాయమవుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు కార్డు ఫ్యాన్లు తిరగడం లేదని భయపడక్కర్లేదు, చాలా కొత్త కార్డులు 50, 60 డిగ్రీలు దాటాకే తిప్పుతాయి.

దుమ్ములోనూ రకాలున్నాయి. మిర్యాలగూడ రైస్‌మిల్లుల చుట్టుపక్కల గాలిలో తవుడు ఉంటుంది. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి ఫ్యాన్ రెక్కలకు జిడ్డుగా పట్టి, బ్లోయర్‌కు కదలదు. బ్రష్షు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాల్సిందే. పత్తి జిన్నింగు మిల్లుల దగ్గర దూది పీచు ఫ్యాన్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య చాపలా పరుచుకుంటుంది. ఫ్యాన్ విప్పితే గానీ కనపడదు, తీస్తే ఒకే ముక్కగా వచ్చేస్తుంది. సిమెంటు ఫ్యాక్టరీల వైపు దుమ్ము వానాకాలం చెమ్మకు గట్టిపడుతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే బేరింగు పోతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలిలో నీటి తుంపర్లుంటాయి, దాని జోలికి పోవద్దు. వెనక ఖాళీ స్లాట్లకు రేకు ముక్కలు లేకపోతే బల్లులు కూడా కాపురం పెడతాయి.

గీతలు, రంగు చుక్కలు వచ్చినప్పుడు మొదటి పరీక్ష ఉచితం. తెర మీద గీతలుండగా స్క్రీన్‌షాట్ తీసి ఫోనుకు పంపుకోవాలి. ఫోనులోనూ గీతలుంటే తప్పు కార్డు చిప్, మెమరీ, డ్రైవర్లలో ఉంది. ఫోనులో శుభ్రంగా ఉంటే కేబుల్, పోర్టు లేదా మానిటర్. మానిటర్ సొంత మెనూ మీద కూడా గీతలు పడుతుంటే మానిటర్‌దే. చిప్ వైపని తేలితే బయోస్ తెర మీద గీతలున్నాయా చూడాలి. అక్కడా ఉంటే డ్రైవర్‌కు సంబంధం లేదు, హార్డ్‌వేరే. విండోస్‌లో మాత్రమే వస్తుంటే కార్డు వేగాన్ని మార్చే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌లో మెమరీ వేగాన్ని 300 మెగాహెర్ట్జ్ తగ్గించి చూడాలి. గీతలు తగ్గితే మెమరీ చిప్ బలహీనపడింది. హీట్ గన్‌తో వేడి చేస్తే కొన్నాళ్లు బతుకుతుంది, ఆ తర్వాత మళ్లీ అదే. అలా బతికించిన కార్డును అమ్మేసేవాళ్లకే ఆ వైద్యం లాభం.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు గమనించాల్సినవి ఉన్నాయి. 2022 సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డులతో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీని తవ్వే మైనింగ్ ఆగిపోయాక మైనింగ్ కార్డులు మార్కెట్లోకి కుప్పలుగా వచ్చాయి. వాటిలో బయోస్ మార్చినవాటికి డ్రైవర్ ఎక్కగానే తెర పోవచ్చు. కార్డు అంచున రెండు బయోస్‌ల స్విచ్ ఉంటే రెండో వైపుకు జరిపి చూడాలి. పీ106-100 వంటి మైనింగ్ కార్డుకు అసలు డిస్‌ప్లే పోర్టులే ఉండవు. జీటీఎక్స్ 1050 టీఐ అని చెప్పి వీజీఏ పోర్టున్న కార్డు చూపిస్తే అది పాత చిప్‌కు కొత్త పేరు తగిలించినదని అనుమానించాలి. జీపీయూ-జడ్ ప్రోగ్రామ్ 2018 నుంచి ఇలాంటివాటి పేరు ముందు ఫేక్ అని చూపిస్తోంది.

ఇవన్నీ దాటాక కూడా అనుమానం కార్డు మీదే ఉంటే అప్పుడు హైదరాబాద్ బస్సెక్కొచ్చు. కార్డు ఒక్కటే కాకుండా వాడుతున్న కేబుల్, పవర్ వైరు ముక్కలు ఏవైనా ఉంటే అవీ వెంట తీసుకెళ్లాలి. సీరియల్ నంబరు స్టిక్కర్‌ను ముందే ఫొటో తీసుకోవాలి. వారంటీ ఉంటే స్క్రూ మీది స్టిక్కర్ చింపకూడదు, చాలా కంపెనీలు దాన్ని సాకుగా చూపుతాయి. సర్వీస్ కౌంటరులో "డిస్‌ప్లే రావడం లేదు" అని ఊరుకోకుండా, ఏ పోర్టులో, ఏ క్షణంలో పోతోందో, ఏ ఎస్‌ఎంపీఎస్ మీద పరీక్షించారో కాగితం మీద రాసి కార్డుతోపాటే ఇవ్వాలి. అక్కడ వాళ్ల టేబుల్ మీద ఐదు నిమిషాలు పెట్టి "బాగానే ఉంది" అంటే, అరగంట ఫర్‌మార్క్ నడిపి చూపించమని అడగాలి.